వైరు వెంట వెళ్లి చూడటం

విదేశంలో గేమ్ స్టూడియోలో చేరేనాటికి నాకు పని వచ్చు. దాని గురించి గబగబా ఇంగ్లీషులో మాట్లాడటమే రాదు. మీటింగ్‌లో ఎవరైనా ‘ఆ మెటీరియల్ ఎందుకలా ఉంది?’ అని అడిగితే, నేను జవాబు కూర్చుకునేలోపే మాట ఇంకో విషయం మీదికి వెళ్లిపోయేది.

నాకు అప్పగించిన మొదటి పెద్ద పని, వానకు తడిసే రాతి గోడ. అన్‌రియల్ ఇంజిన్ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో ఒకే మెటీరియల్ (వస్తువు పైభాగం ఎలా కనిపించాలో చెప్పే అమరిక) పొడిగానూ ఉండాలి, తడిగానూ మారాలి. రాయి నీళ్లు పీలిస్తే రంగు ముదురుతుంది, కాబట్టి బేస్ కలర్ తగ్గించాలి. పైన నీటి పొర పట్టి నున్నబడుతుంది, రఫ్‌నెస్ (గరుకుదనం) తగ్గించాలి, అది తగ్గితే మెరుపు పెరుగుతుంది. సందుల్లో నీళ్లు నిలిచిన చోట నార్మల్‌ను (ఎగుడుదిగుళ్లు కనిపించేలా చేసే విలువను) చదును చేయాలి. ఇదంతా గ్రాఫ్‌లో చేస్తాం, అంటే ఒక్కో చిన్న లెక్క చేసే నోడ్లనే పెట్టెలను వైర్లతో కలుపుతాం. హైట్ మ్యాప్ (ఎత్తుపల్లాల చిత్రం) నుంచి ఒక మాస్క్ (ఎక్కడ ఎంత తడో చెప్పే నలుపు తెలుపు చిత్రం) తీసి, పొడి, తడి విలువలను కలగలిపే మూడు లెర్ప్ నోడ్లకు కలిపితే చాలు.

కలిపాను. తడి బాగానే వచ్చింది కానీ, పొడి రాయి కూడా నూనె రాసినట్టు మెరిసింది. మెరుపు తగ్గించడానికి ఒక మల్టిప్లై నోడ్ పెట్టాను, తర్వాత పవర్, ఆ తర్వాత క్లాంప్. ఒకచోట సరిచేస్తే ఇంకోచోట చెడేది. రెండు రోజులకు గ్రాఫ్ చిక్కుపడ్డ దారపు ఉండలా తయారైంది. ఎవరినైనా అడగవచ్చు. అడిగితే ఏం చేశానో మొత్తం వివరించాలి కదా, ఆ టెన్షన్‌తో అడగలేదు.

మూడో రోజు సీనియర్ ఆర్టిస్ట్ ఒకాయన వచ్చి పక్కన కూర్చున్నారు. ఏమీ చెప్పమనలేదు. ఎడమ చివరి నోడ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రివ్యూ పెట్టారు. అంటే ఆ నోడ్ నుంచి వచ్చే విలువ ఒక్కటే గోళం మీద నలుపు తెలుపుల్లో కనిపిస్తుంది. మొదటి నోడ్‌లోనే, అంటే రఫ్‌నెస్ విలువలున్న చిత్రం (టెక్స్చర్)లోనే, ఉండాల్సినదాని కంటే నలుపు ఎక్కువగా ఉంది. టెక్స్చర్ సెట్టింగ్స్ తెరిస్తే ఎస్‌ఆర్‌జీబీ (చిత్రంలోని విలువలను స్క్రీన్ రంగులుగా భావించి మార్చి చదివే సెట్టింగ్) టిక్ పెట్టి ఉంది. రంగు చిత్రాలకు ఆ టిక్ కావాలి. రఫ్‌నెస్ రంగు కాదు, కొలత. టిక్ ఉంటే నేను గీసిన 0.5ను ఇంజిన్ సుమారు 0.21గా చదువుతుంది. రాయి మెరవక ఏం చేస్తుంది!

టిక్ తీసేసి, నేను అదనంగా పెట్టిన నోడ్లన్నీ చెరిపేశాను. గ్రాఫ్‌లో గీసిందంతా చివరికి షేడర్ కోడ్‌గా, అంటే పిక్సెల్ రంగును లెక్కగట్టే ప్రోగ్రామ్‌గా మారి, గోడ కనిపించే ప్రతి పిక్సెల్‌కూ నడుస్తుంది. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది దాదాపు 16.7 మిల్లీసెకన్లు. అందులోనే మొత్తం గేమ్ నడవాలి. ఒక టిక్ తప్పును కప్పిపుచ్చడానికి అన్ని లెక్కలు నడిపించబోయానన్నమాట.

ఆ సీనియర్‌కూ ఇంగ్లీషు మాతృభాష కాదని తర్వాత తెలిసింది. ఆయన పది మాటలు కూడా మాట్లాడలేదు, వేలితో చూపించారంతే. మా టీమ్‌లో సగం మందిది అదే పరిస్థితి. షేడింగ్‌ను, అంటే వస్తువు పైభాగం ఎలా కనిపించాలో లెక్కగట్టడాన్ని, ఇలా చిన్న చిన్న పనులుగా విడగొట్టి చెట్టులా కలపవచ్చని 1984లోనే కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకుడు రాబర్ట్ కుక్ చూపించారు. ఆ పద్ధతి వల్ల నాలాంటివాళ్లకు ఇంత మేలు జరుగుతుందని నేను అనుకోలేదు.

అప్పటినుంచి రివ్యూలో నేను ముందు మాట్లాడను, ప్రివ్యూ చూపిస్తాను. వైర్లు ఎడమ నుంచి కుడికి సాగేలా సర్దుతాను. ప్రతి గుంపు చుట్టూ కామెంట్ బాక్స్ గీసి ఒక చిన్న వాక్యం రాస్తాను. పారామీటర్‌కు (గ్రాఫ్ తెరవకుండానే మార్చుకునే విలువకు) ‘మల్టిప్లయర్ 2’ లాంటి పేరు పెడితే నాకు నిజంగా కోపం వస్తుంది, ఏ దేశం వాళ్లకైనా దాంతో ఏం తెలుస్తుంది? స్టాటిక్ స్విచ్‌లు (మెటీరియల్‌లో ఒక భాగం ఉండాలా వద్దా అని ముందే తేల్చేవి) కూడా పొదుపుగానే వాడతాను, ఒక్కోటీ షేడర్ల సంఖ్యను రెట్టింపు చేయగలదు. ఆరు పెడితే 64 రకాల షేడర్లకు దారి తెరిచినట్టే.

మొన్న వేరే టీమ్ ఆర్టిస్ట్ ఒకావిడ ఆ రాతి మెటీరియల్‌ను చెక్క వంతెనకు మార్చుకున్నారు. గ్రాఫ్ గురించి ఏమీ అడగలేదు. ‘నీళ్లు పీల్చే విలువ ఎంత పెట్టను?’ అన్నారు. చెక్కకు వార్నిష్ ఉందా అని అడిగాను. లేదన్నారు. అయితే పెంచండి, బాగా ముదరాలి అన్నాను.