సువార్తలో కనిపించని ఐదు స్థలాలు

యెరూషలేము పాతపట్టణంలోని సిలువ మార్గం, అంటే యేసు సిలువ మోసిన దారిగా భక్తులు తలచి, 'స్థలాలు' అనే పద్నాలుగు చోట్ల ఆగి ప్రార్థించే దారి, ఒక ఇరుకు రాతి వీధి. రెండు వైపులా దుకాణాలు, తోపుడు బండ్లు, బడి నుంచి ఇళ్లకు పోయే పిల్లలు. శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకు ఫ్రాన్సిస్కన్ సన్యాసులు ప్రార్థిస్తూ ముందు నడిచారు, మా బృందం వారి వెనుక కదిలింది. ఆరో స్థలం దగ్గర, వెరోనికా యేసు ముఖం తుడిచిందని చెప్పే చోట, మాతో వచ్చిన ఒక పెద్దావిడ అడిగారు: "ఫాదర్ గారూ, ఈ తల్లి సంగతి ఏ సువార్తలో ఉందండీ?"

"ఏ సువార్తలోనూ లేదమ్మా" అన్నారాయన. అంతటితో ఆపకుండా ప్రభువు మూడుసార్లు పడిపోవడం, దారిలో తల్లిని కలవడం కూడా సువార్తల్లో లేవని చెప్పారు. పద్నాలుగు స్థలాల్లో ఐదు అలా పక్కకు వెళ్లాయి. సిలువ మోయడంలో తోడైన కురేనీయుడైన సీమోను సువార్తల్లో ఉన్నాడు, ఏడుస్తూ వెంట నడిచిన యెరూషలేము స్త్రీలు లూకా సువార్తలో ఉన్నారు. ఆ పెద్దావిడ కాసేపు ఆలోచించి, అక్కడే మోకరించారు.

ఆయన దాచకుండా చెప్పినందుకు నాకు ఎంతో సంతోషం కలిగింది. ఆచారాల గురించి మాట్లాడేటప్పుడు మనలో కొందరు "బైబిల్లో లేనిది మనకు అక్కర్లేదు" అని తేల్చేస్తారు. మరికొందరు అన్నీ అపొస్తలుల కాలం నుంచే వస్తున్నాయంటారు. ఆ వీధిలో నడిస్తే ఈ రెండు మాటలూ నిలవవు. స్థలాల సంఖ్య పద్నాలుగు అని పన్నెండవ క్లెమెంట్ పోపు స్థిరపరచింది 1731లో. అంతకు ముందు ఆ సంఖ్య ఊరికో రకంగా ఉండేది. యెరూషలేము వెళ్లలేనివారి కోసం యూరప్‌లో ఏర్పరచుకున్న వరుస, కాలక్రమంలో యెరూషలేము వీధులకే వచ్చి కుదురుకుంది. దారి సంగతీ అంతే. రోమా అధిపతి పిలాతు యేసుకు తీర్పు చెప్పింది పట్టణానికి పడమటి వైపు, హేరోదు కోటలో అని చాలామంది పరిశోధకులు భావిస్తున్నారు. అదే నిజమైతే ప్రభువు ఇంకో దిక్కు నుంచి, సిలువ వేసిన గొల్గొతాకు నడిచి ఉండాలి. "ఇదిగో ఈ మనుష్యుడు" అని పిలాతు చూపించిన చోటుగా యాత్రికులు తలెత్తి చూసే కమాను, హాడ్రియన్ చక్రవర్తి కాలంలో, అంటే సిలువ సంఘటనకు వందేళ్ల తర్వాత కట్టినది.

మరి ఈ నడక మొదలైంది ఎక్కడ? నా సంచిలో ఎగేరియా లేఖలు ఉన్నాయి. నాలుగో శతాబ్దం చివర, 380ల తొలినాళ్లలో పడమటి దేశాల నుంచి ఇక్కడికి వచ్చిన యాత్రికురాలు ఆమె. తాను చూసినదంతా తన ఊరి సోదరీమణులకు రాసింది. మొదలూ చివరా పోయిన ఆ రాత ప్రతి ఒకటి 1884లో ఇటలీలోని అరెజ్జోలో దొరికింది. ఆ పుటలు చదువుతుంటే మన ఆచారాలు కళ్లముందే పుడుతున్నట్టు ఉంటుంది.

గుడ్ ఫ్రైడేకు ముందు గురువారం రాత్రంతా జనం ఒలీవ కొండ మీద మేలుకుని ఉండేవారట. తెల్లవారుజామున ఉపవాసంతో, అలసటతో మెల్లగా గెత్సేమనేకు దిగేవారు. వారికి వెలుగు కోసం రెండు వందలకు పైగా కొవ్వొత్తులు సిద్ధం చేసేవారు. ప్రభువును పట్టుకున్న ఘట్టం చదవగానే లేచిన ఏడుపు పట్టణం దాకా వినిపించేదని రాసింది. అక్కడి నుంచి సిలువ స్థలానికి నడక. ఆ దారిలో పద్నాలుగు స్థలాల ఊసే లేదు. సువార్త చదవడం, పాడడం, నడవడం, అంతే.

శుక్రవారం ఉదయం బిషప్పు సిలువ మ్రానును రెండు చివరలా చేతులతో పట్టుకుని కూర్చునేవాడు. జనం ఒక్కొక్కరే వచ్చి వంగి, ముందు నుదురు, తర్వాత కళ్లు దానికి ఆనించి ముద్దు పెట్టుకునేవారు. చేత్తో తాకనిచ్చేవారు కాదు. ఒకసారి ఎవరో పంటితో కొరికి ముక్క పట్టుకుపోయారని చెప్పుకునేవారట, అందుకే చుట్టూ డీకన్లు, అంటే సంఘ పరిచారకులు, కాపలా నిలబడేవారు. గుడ్ ఫ్రైడే నాడు గుడిలో వరుసలో నిలబడి సిలువను ముద్దు పెట్టుకునేటప్పుడు మనం చేసేది ఇదే. ముక్క కొరికిన ఆ మనిషి చేసింది తప్పే. అయినా ఆ కోరిక ఎంత బలమైనదో తలచుకుంటే నాకు కళ్లు చెమర్చాయి.

యేసు యెరూషలేములోకి వచ్చినదాన్ని స్మరించే మట్టల ఆదివారం కూడా ఆ లేఖల్లో ఉంది. సాయంత్రం ఒలీవ కొండ పైనుంచి అందరూ కాలినడకన దిగేవారు. పిల్లలందరి చేతుల్లో ఖర్జూరపు మట్టలో, ఒలీవ కొమ్మలో ఉండేవి. నడవలేని పసివాళ్లను తల్లిదండ్రులు భుజాల మీద మోసుకొచ్చేవారు. ఆ ఊరేగింపు అపొస్తలులు ఆజ్ఞాపించింది కాదు, సంఘ మహాసభలు తీర్మానించిందీ కాదు. సువార్తలో చదివినదాన్ని, అది జరిగిన చోటనే మళ్లీ చేయాలని అక్కడివారికి అనిపించింది. చూసినవారు తమ దేశాలకు తీసుకుపోయారు. సువార్తలో పేరు లేని వెరోనికా ఆ దారిలోకి వచ్చిందీ, నా నమ్మకం ప్రకారం, ఇలాంటి ప్రేమ వల్లనే. అయితే ప్రేమతో చేర్చినదాన్ని చేర్చినదని పిల్లలకు స్పష్టంగా చెప్పాలి. వాళ్లు పెద్దయ్యాక వేరెవరో హేళనగా చెబితే, చేర్చినదానితో పాటు అసలు సువార్తను కూడా వదిలేసే ప్రమాదం ఉంది.

మరునాడు బేత్లెహేములో ఈ ఆలోచనే ఇంకా గట్టిపడింది. ప్రభువు పుట్టిన చోటుగా చెప్పే గుహ ఒకటే, క్రిస్మస్‌లు మూడు. కాథలిక్కులకు డిసెంబరు 25, గ్రీకు ఆర్థడాక్సు వారికి జనవరి 7, అక్కడి ఆర్మేనియన్లకు జనవరి 19. పుట్టిన తేదీ సువార్తల్లో లేదు. డిసెంబరు 25న పండుగ చేసినట్టు చెప్పే తొలి ఆధారం రోము నగరంలో 336వ సంవత్సరానిది. తూర్పు సంఘాలు ఒకప్పుడు ప్రభువు జననాన్నీ బాప్తిస్మాన్నీ కలిపి జనవరి 6న స్మరించేవి. ఆర్మేనియన్లు దాన్ని వదల్లేదు. పాత క్యాలెండరు లెక్కన అదే రోజు ఇప్పుడు 19న వస్తుంది. అందరి కంటే ఆలస్యంగా పండుగ చేసుకుంటున్నారని మనం అనుకునే ఆ చిన్న సంఘమే అందరి కంటే పాత పద్ధతిని కాపాడుతోంది.