మూడు డబ్బాలు, ఒకే పిండి

ఈసారి పండుగకు ముగ్గురికి మాత్రమే కానుకలివ్వాలని, అవి కూడా బజారులో కొన్నవి కాకుండా నా చేత్తో చేసిన చాక్లెట్ చిప్ కుకీలై ఉండాలని నెల రోజుల కిందటే అనుకున్నాను. పిండి నిన్న రాత్రే కలిపి పెట్టుకున్నాను. కాల్చడానికి, చల్లార్చడానికి, డబ్బాలకెత్తడానికి ఈ రోజంతా పట్టింది.

కొలతలు ఇక్కడ రాసి పెట్టుకుంటే వచ్చే ఏడాదికి పనికొస్తాయి. 225 గ్రాముల వెన్న, 150 గ్రాముల తెల్ల చక్కెర, అంతే బ్రౌన్ షుగర్, 2 గుడ్లు, 280 గ్రాముల మైదా, ఒక చెంచా వంట సోడా, ఒక చెంచా ఉప్పు, కొంచెం వెనీలా ఎసెన్స్, 340 గ్రాముల చాక్లెట్ చిప్స్. రెండు రకాల చక్కెర ఎందుకని చాలామంది అడుగుతారు. తెల్ల చక్కెర అంచులకు కరకరను ఇస్తుంది. బ్రౌన్ షుగర్‌లోని మొలాసిస్ (చెరకు మడ్డి) తేమను పట్టి ఉంచి నడిమి భాగాన్ని మెత్తగా ఉంచుతుంది, దానిలోని కొద్దిపాటి పులుపు సోడాతో కలిసి పిండిని పొంగిస్తుంది కూడా. కాబట్టి ఈ రెండింటిలో ఏది తగ్గినా కుకీ స్వభావమే మారిపోతుంది.

నిన్న రాత్రి నా తొందరపాటు వల్ల ఒక పొరపాటు జరిగింది. చక్కెరతో గిలకొట్టే వెన్నను వేలితో నొక్కితే గుంట పడాలి గాని, వేలికి నూనెలా అంటుకోకూడదు. త్వరగా మెత్తబడుతుందని నేను దాన్ని పొయ్యి పక్కన పెట్టడంతో సగం కరిగిపోయింది. అది చాలదన్నట్లు, రుచి చూడాలన్న ఆత్రంతో 6 ముద్దలను అప్పటికప్పుడే ఓవెన్‌లో పెట్టాను. పిండి గట్టిపడేలోపే వెన్న కరిగి జారిపోవడంతో అవి ఒకదానితో ఒకటి కలిసి పల్చటి రేకులా ట్రే అంతా పరుచుకున్నాయి. మిగిలిన పిండిని 34 ఉండలుగా చుట్టి, మూత పెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాను. అలా ఉంచితే వెన్న మళ్లీ గడ్డకడుతుంది, గుడ్డులోని తడిని మైదా నిదానంగా పీల్చుకుంటుంది, కాలినప్పుడు రంగు, రుచి రెండూ చిక్కబడతాయి. ఈ పనిలో ఏ అంచెనైనా తగ్గించుకోవచ్చు గాని, ఈ ఒక్క రాత్రి నిరీక్షణను మాత్రం తగ్గించుకోకూడదని నా అభిప్రాయం.

ఉదయం ఓవెన్‌ను 190 డిగ్రీల వేడికి తెచ్చి, ముందుగా పిన్ని కోసం 10 ఉండలు పెట్టాను. కొంతకాలంగా పిన్నికి పంటి నొప్పి, గట్టివేవీ కొరకలేకపోతోంది. అందుకే ఓవెన్ అద్దం ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, చూపు తిప్పకుండా కనిపెట్టుకున్నాను. తొమ్మిదో నిమిషానికి అంచుల చుట్టూ లేత బంగారు గీత ఏర్పడింది, నడిమి మాత్రం ఇంకా తడిగా మెరుస్తూ పొంగి ఉంది. పచ్చిగా ఉందేమోనని మనసు పీకుతున్నా అప్పుడే తీసేశాను, ఎందుకంటే బయటికి తీశాక కూడా వేడి ట్రే మీద అవి మరో ఐదు నిమిషాలు ఉడుకుతూనే ఉంటాయి. నేను చూస్తుండగానే ఆ పొంగు నెమ్మదిగా అణిగి, పైన సన్నని ముడతలు పడ్డాయి. ఆ ముడతలు కనబడితే లోపల మెత్తగా ఉన్నట్లే.

రెండో ట్రే పక్కింటి అబ్బాయిది. వాడు కుకీ అంచంతా గుండ్రంగా కొరుక్కుంటూ వచ్చి, నడిమి ముక్కను చివరిదాకా దాచుకుంటాడు. వాడి ఇష్టమంతా ఆ కరకరలోనే ఉంది కాబట్టి 12 నిమిషాలు ఉంచి, అంచులు ముదురు రంగుకు తిరిగాక తీశాను. మధ్యాహ్నంలోగా రెండుసార్లు గుమ్మం దగ్గరికి వచ్చి "ఆంటీ, అయ్యాయా?" అని అడిగి వెళ్లాడు. మెత్తనివి, కరకరలాడేవి ఒకే డబ్బాలో ఉంచితే మెత్తనివాటి తేమను రెండోవి పీల్చుకుంటాయి, చివరికి రెండూ చెడిపోతాయి. అందుకే ఎవరి డబ్బా వారికి విడిగా సిద్ధం చేశాను.

ఎక్కువ ఆలోచించింది మూడో ట్రే గురించే. అది నాకు చదువు చెప్పిన మాష్టారికి, ఆయన ఉండే ఊరికి కొరియర్‌లో చేరడానికి నాలుగు రోజులు పడుతుంది. మరీ మెత్తనివి దారిలో నలుగుతాయి, మరీ గట్టివి అంచులు విరిగి పొడి అవుతాయి. రెండింటికీ నడుమ ఉండాలని పదిన్నర నిమిషాలు కాల్చి, పూర్తిగా చల్లారేదాకా జాలీ మీద ఉంచాను. వెచ్చగా ఉండగానే మూత పెడితే ఆవిరి నీరై దిగి కుకీలను తడిపేస్తుంది. తరువాత రెండేసి కుకీలను వీపులు కలిపి జతగా బటర్ పేపర్‌లో చుట్టి, ఖాళీల్లో నలిపిన కాగితం కూరాను. డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తే చప్పుడు రాలేదు.

అలా చుడుతున్నంతసేపూ ఈ కుకీని మొదట చేసిన రూత్ వేక్‌ఫీల్డ్ గురించి తలచుకున్నాను. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఆమె, ఆమె భర్త 1930లో టోల్ హౌస్ అనే విడిది గృహాన్ని కొని నడిపారు, 1930ల చివరిలో అక్కడే ఈ కుకీ పుట్టింది. చాక్లెట్ కరిగిపోతుందనుకుని వేస్తే కరగకపోవడంతో అనుకోకుండా తయారైందని ఒక కథ ప్రచారంలో ఉంది గాని, నేను దాన్ని నమ్మలేను. ఆమె 1924లో గృహ విజ్ఞానంలో పట్టా పొందిన మనిషి, పాకశాస్త్రం క్షుణ్ణంగా తెలిసిన మనిషి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో దూరదేశాల్లో ఉన్న సైనికులకు ఇంటివాళ్లు పంపిన పొట్లాలలో ఈ కుకీలు ఉండేవి. నాలుగు రోజుల ప్రయాణానికే ఇంత జాగ్రత్త పడిన నాకు, సముద్రాలు దాటించడానికి వాళ్లు ఎలా చుట్టి ఉంటారో తెలుసుకోవాలనిపించింది.

పిన్ని డబ్బాలో చిన్న బ్రెడ్ ముక్క పెట్టి, "ఇది కుకీలు మెత్తగా ఉండటానికి పెట్టాను పిన్నీ, గట్టిపడితే తీసేసి కొత్తది పెట్టు" అని చీటీ రాశాను. పక్కింటి అబ్బాయి డబ్బాను సాయంత్రం వాడి చేతికే ఇచ్చాను. మాష్టారి డబ్బా మీద ఈ రోజు తేదీ వేసి, మూత చుట్టూ టేపు అంటించి కొరియర్ వాళ్లకు అప్పగించి వచ్చేసరికి చీకటి పడింది.

ఇంకా 4 ఉండలు మిగిలాయి. వాటిని కాల్చకుండా ఫ్రీజర్‌లో పెట్టాను. డబ్బా చేరిందని మాష్టారు ఫోన్ చేసిన రోజున కాల్చుకుంటాను.