రెండు రికార్డులు, ఒకే నడక

నల్లగొండలో బరాత్‌లకు డీజే పెట్టే మా అన్న దగ్గర ఆరు నెలలుగా పాటలు కలపడం నేర్చుకుంటున్నాను. ఆయన నన్ను ల్యాప్‌టాప్ ముట్టుకోనివ్వకుండా, ముందుగా రెండు పాత టర్న్‌టేబుళ్ల (రికార్డులు తిప్పే యంత్రాల) ముందు నిలబెట్టారు. అదే సరైన మార్గమని నాకిప్పుడు గట్టి నమ్మకం.

1972లో మొదలైన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 టర్న్‌టేబుళ్ల వరుసలో మోటారు బెల్టు లేకుండా పళ్లేన్ని నేరుగా తిప్పుతుంది కనుక, రికార్డును చేతితో ఆపి వదిలినా అది వెంటనే వేగం అందుకుంటుంది. నిమిషానికి 120 దెబ్బల పాటను 126 దెబ్బల పాటతో కలపాలంటే మొదటి పాట పిచ్ ఫేడర్‌ను, అంటే వేగం మార్చే జారుడు మీటను, ప్లస్ వైపు 5 శాతానికి జరపాలి. అప్పుడు గొంతు కూడా దాదాపు అరస్వరం లేస్తుంది.

అంకెలు కుదిరినా పని పూర్తి కాదు. ఒక చెవికి హెడ్‌ఫోన్, మరో చెవికి స్పీకర్ పెట్టుకొని వింటున్నప్పుడు, రెండు పాటల దెబ్బలు విడిపోయి దడదడమంటే, వెనుకబడిన రికార్డు లేబుల్‌పై వేలి కొన ఆనించి ఆవగింజంత ముందుకు తోయాలి. చేతి డప్పుతో రికార్డు చేసిన తీన్మార్ పాటలైతే వేగం నిలకడగా ఉండదు, అందుకే వేలు తీయనే కూడదు.

"తమ్మీ, రెండు బేస్‌లు ఒక్కసారే ఇడువకు" అని అన్న హెచ్చరిస్తూనే ఉంటారు. నాలుగేసి దెబ్బల ఆవర్తాలు ఎనిమిది, అంటే 32 దెబ్బలు ముగిసిన చోట పాత పాట బేస్ (లోతైన ధ్వని) దించి, కొత్తదాని బేస్ ఎత్తుతున్నాను.