మిర్చి సీజను, జాకెట్ల సీజను, మధ్యలో తొమ్మిది కథలు

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాగా పనిచేస్తున్నాను, పంతొమ్మిదేళ్లుగా. కథలు రాయాలన్న కోరిక అంతకంటే పాతది. 2023 జనవరిలో, ఈ ఏడు ఎలాగైనా పుస్తకం తేవాలని పట్టుబట్టాను. తెచ్చేసరికి రెండేళ్లు పట్టింది.

మొదట అందరూ చెప్పేదే చేశాను. ఫోన్లో వీడియోలు చూసి తెల్లవారుజామున నాలుగింటికి అలారం పెట్టాను. జనవరి అంటే మాకు సరుకు దిగడం మొదలు. మార్చికల్లా యార్డులో కాలు పెట్టే చోటుండదు. శని, ఆదివారాలు యార్డుకు సెలవైనా మాకు లెక్కలుంటాయి. అలాంటి రోజుల్లో నేను నాలుగింటికి లేచి వంటింట్లో లైటు వేసుకుని కూర్చునేవాణ్ణి. మొదటి వారం బాగానే సాగింది. పన్నెండో రోజు కాటా దగ్గర కునుకు పట్టి, 43.6 కిలోల టిక్కీని, అంటే మిర్చి బస్తాను, 46.3 అని రాశాను. ఆ లాటు క్వింటా 15,000. అంటే 405 రూపాయలు తేడా. సాయంత్రం కొన్నవాళ్ల గుమాస్తా పట్టుకున్నాడు. డబ్బు పెద్దది కాదు. కానీ కాటా చీటీ తప్పిన గుమాస్తాకు యార్డులో మాట ఉండదు. మా షావుకారు ఏమీ అనలేదు, కళ్లజోడు పైకి తోసి ఒక్కసారి చూశారు. ఆ రాత్రే అలారం తీసేశాను.

మా ఆవిడ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. నేను రెండు రోజులు ముఖం వేలాడేసుకుని తిరిగితే ఆమే అడిగింది.

"ఏవండీ, శ్రావణంలో ఎవరైనా వచ్చి పట్టు లంగా కుట్టమంటే నేనేం చెప్తాను?"

"తర్వాత రమ్మంటావు."

"మీకిప్పుడు శ్రావణం. మరి ఆ కథల్ని తర్వాత రమ్మనలేరా?"

ఆమె ఆర్డర్ల పుస్తకం పదేళ్లుగా మా ఇంట్లోనే ఉంది, ఎప్పుడూ తెరిచి చూడలేదు. అప్పుడు చూశాను. ఒక్క జాకెట్టునూ ఆమె మొదలుపెట్టిన రోజే పూర్తి చేయదు. కొలతలు రాసేది ఒకరోజు. కటింగ్ మాత్రం ఇంట్లో ఎవరూ లేనప్పుడే, ఎందుకంటే కత్తెర తప్పితే గుడ్డ పోయినట్టే. కుట్టు మధ్యాహ్నాలు. హుక్కులు, చేతి కుట్టు రాత్రి టీవీ ముందు, మా అమ్మతో సీరియల్ గురించి వాదిస్తూ. ఏ పనికి ఎంత బుర్ర కావాలో చూసుకుని, దాన్ని బట్టి వేళ పెట్టుకుంది. ఇదంతా ఆమెకెవరూ నేర్పలేదు. నేనేమో వీడియోలు చూశాను.

అప్పటినుంచి సీజన్లో కథ రాయడం మానేశాను. కొలతలు మాత్రమే. కాటా చీటీ వెనక రెండు ముక్కలు రాసి జేబులో వేసుకోవడం, ఇంటికొచ్చి బిస్కట్ డబ్బాలో పడేయడం. 'రేటు కోసం మూడు రాత్రులు బస్తాల మీదే పడుకున్న రైతు, చివరికి తక్కువకే అమ్మి, పోతూ పోతూ కూతురికి గాజులు కొన్నాడు.' ఇలాంటివి. మే నెలకు 61 చీటీలయ్యాయి. సగం ఎందుకు రాశానో నాకే అర్థం కాలేదు. ఒకదాని మీద 'నీలం చెంబు' అని మాత్రమే ఉంది.

ఎండాకాలంలో యార్డుకు ఇంచుమించు నెల రోజులు సెలవులు. అదే నా కటింగ్, అదే నా కుట్టు. ఇంట్లో ఉన్న ఒక్క బల్ల పాపది. రాత్రి తొమ్మిది దాటాక మా ఆవిడ మిషను మూసి పైన దుప్పటి మడత పరిస్తే అదే నాకు బల్ల. రాస్తూ రాస్తూ తెలియకుండా తొక్కుడు తొక్కేవాణ్ణి. 'ఏం కుడుతున్నావురా అర్ధరాత్రి' అని అమ్మ గదిలోంచి అరిచేది. పగలు ఎండకు తట్టుకోలేక బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయానికి పోయేవాణ్ణి. అక్కడ నాలుగు రోజులు ఒక్క ముక్కా రాయలేదు, పాత పత్రికలు తిరగేస్తూ కూర్చున్నాను. ఆ రోజులు దండగ అని ఇప్పటికీ అనలేను.

కాగితం మీద రాసింది ఫోన్లోకి ఎక్కించడానికి వాయిస్ టైపింగ్ వాడాను. 'టిక్కీ' అంటే 'టికెట్' అని పడేది. 'తాలు కాయలు' ఎన్నిసార్లు చెప్పినా 'తాళం కాయలు' అయ్యాయి. అయినా చేత్తో కొట్టడం కంటే నయం.

అన్నిటికంటే ఎక్కువ నేర్చుకున్నది అమ్మ దగ్గర. మిరపకాయల తొడిమలు తీసే ఒక కూలి మనిషి మీద కథ రాశాను. సాయంత్రం ఆమె ఇంటికొచ్చి చేతులు కడుక్కుని బిడ్డను ఎత్తుకుంటుంది, అక్కడ కథ ముగుస్తుంది. నాకు మహా గొప్పగా అనిపించింది. అమ్మకు చదివి వినిపించాను. నేను పుట్టే రోజుల్లో ఆమె కూడా ఆ పనికి వెళ్లింది.

"కడిగితే పోతుందట్రా మంట?" అంది. "ఆ పనికి పోయినన్నాళ్లూ పసివాళ్లను ముట్టుకునేదాన్నా? నీ కళ్లలో పడితే? ఆ సీజనంతా నిన్ను మీ అమ్మమ్మే ఎత్తుకుంది. పాలు పట్టేటప్పుడు కూడా ఆవిడే పట్టుకునేది, నేను చేతులు వెనక్కి పెట్టుకునేదాన్ని."

నలభై ఆరేళ్లలో ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ కథ మొత్తం చించేసి మళ్లీ రాశాను. పుస్తకంలో అదే మొదటిది.

2024 మార్చిలో పాప పదో తరగతి పరీక్షలు. సీజనూ అప్పుడే. ఆ ఏడాది డబ్బాలో పడిన చీటీలు ఏడంటే ఏడు. నిరుటిలాగా టెన్షన్ పడలేదు, పాత చీటీలు ఉన్నాయి కదా. మేలో మిగతా కథలు పూర్తయ్యాయి. పన్నెండు అనుకున్నవి తొమ్మిదే నిలిచాయి.

వానాకాలం, చలికాలం ప్రెస్సు పని. విజయవాడలో ఒక ప్రెస్సు, బస్సులో గంట పైన ప్రయాణం. నేను ఫోన్లో ఉండే యూనికోడ్ అక్షరాల్లో పంపింది వాళ్లు ప్రెస్సుల్లో వాడే 'అను' ఫాంట్లలోకి మార్చారు. ఆ మార్పిడిలో 'లక్ష్మి' విరిగిపోయింది, ఎక్కడెక్కడో వత్తులు ఎగిరిపోయాయి. రాసుకునేవాళ్లకు నా మనవి ఒక్కటే: మార్చాక మొత్తం మళ్లీ చదవండి, ముందు చదివాం కదా అనుకోవద్దు. నేను మూడుసార్లు చదివాను, పాప ఒకసారి చదివింది. దానికే ఎక్కువ తప్పులు దొరికాయి. పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు ఐఎస్‌బీఎన్‌కు ఆన్‌లైన్‌లో నేనే దరఖాస్తు పెట్టుకున్నాను, డబ్బేమీ కట్టక్కర్లేదు.

పేజీలు 138 వచ్చాయి. ప్రెస్సులో పేజీలు ఫారాల లెక్కన అచ్చవుతాయి, ఫారానికి 16 పేజీలు. తొమ్మిది ఫారాలంటే 144, ఎనిమిదంటే 128. ఆరు కలపాలి, లేదా పది కోయాలి. నేను ఏ కథ కోయాలా అని తల పట్టుకుంటే మా ఆవిడ, "జాకెట్టు లోపల కొంచెం గుడ్డ వదలమా, వదిలేయండి" అంది. ఆరు పేజీలు ఖాళీగా వదిలేశాను. 500 కాపీలు, అన్నీ కలిపి 38 వేలు. అందులో 15 వేలు ఆమె చీటీ పాట డబ్బు.

2025 జనవరిలో విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో పుస్తక మహోత్సవం జరిగింది. తెలిసినవాళ్ల స్టాల్లో ఓ మూల పెట్టించాను. 23 అమ్ముడుపోయాయి. యార్డులో ముఠా మేస్త్రీ ఒకాయన రెండు కొన్నాడు, చదువు రాదు, 'మా వాడితో చదివించుకుంటా' అన్నాడు. మా షావుకారు ఒకటి తీసుకుని గల్లాపెట్టెలో పెట్టుకున్నారు. చదివారో లేదో ఇంతవరకు అడగలేదు.

మళ్లీ సరుకు దిగుతోంది. మొన్న మా ఆవిడ ఆర్డర్ల పుస్తకంలో మే నెల పేజీ చూశాను. పెళ్లి జాకెట్లు నాలుగు, పరికిణీ ఒకటి, వాటి కింద 'ఈయన, మిషను, రాత్రి తొమ్మిది నుంచి' అని ఉంది. అడ్వాన్సు గడి మాత్రం ఖాళీగా వదిలింది. అదేమిటని అడిగితే, "మీరిచ్చినప్పుడు రాస్తాను" అంది.