టెంబూరు స్టేషన్‌లో సున్న

మా అమ్మ రెండు జాడీల ఆవకాయ, కందిపొడి, ఒక దుప్పటి, అమృతాంజనం సర్ది ఇచ్చింది. చూసినవాళ్లు నేను దుబాయి వెళుతున్నానని అనుకొని ఉంటారు. నేను వెళ్లింది టెక్కలి నుంచి పర్లాకిమిడికి. రైలెక్కితే గంట ప్రయాణం. కానీ మధ్యలో రాష్ట్రం మారి ఒడిశా వస్తుంది కాబట్టి మా ఇంట్లో అది విదేశమే.

బరంపురంలో బీఈడీ చేస్తున్నాను. రెండేళ్ల కోర్సు వచ్చిన దగ్గర నుంచి పాఠశాలలో పనిచేయాల్సిన కాలం ఇరవై వారాలు. మొదటి ఏడాది నాలుగు, రెండో ఏడాది పదహారు. ఆ పదహారు వారాలకు నాకు పర్లాకిమిడిలో తెలుగు నేర్పే ఒక బడి పడింది. నాతో పాటు మరో అమ్మాయి. ఆమెది గుణుపురం, సైన్సు చెప్పాలి. ఇంట్లో తెలుగే మాట్లాడతారు కానీ చదువంతా ఒడియాలో సాగింది, తెలుగు అక్షరం రాదు. నాకేమో ఒడియా అక్షరం రాదు. బజారులో ఏ బోర్డు కనబడినా మా ఇద్దరిలో ఒకరం చదవగలిగేవాళ్లం. నాకంటే రెండేళ్లు చిన్నది, అక్కా అని పిలిచేది. ఇద్దరం కలిసి ఒక గది అద్దెకు తీసుకున్నాం.

కాగితాల గొడవ త్వరగా చెప్పేస్తాను. కాలేజీ ఇచ్చిన ఉత్తర్వు, మూడు ప్రతుల్లో చేరిక పత్రం, రోజూ సంతకం పెట్టే హాజరు పుస్తకం, ప్రతి పాఠానికీ పాఠ్య పథకం, దాని కింద ప్రధానోపాధ్యాయుడి సంతకం, సంతకం మీద గుండ్రటి ముద్ర. ఈ ముద్ర ఉండే బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుందో మొదటి వారంలోనే కనిపెట్టినవాళ్లు సుఖపడతారు. నేను ఆరో వారంలో కనిపెట్టాను.

మొదటి వారం వెనక బెంచీలో కూర్చుని పాఠాలు గమనించడమే పని. రెండో వారం నుంచి ఆరో తరగతి నాకు ఇచ్చారు. తెలుగు తీసుకున్నవాళ్లు పదకొండు మంది. పాఠం ఏ మెట్ల వరుసలో చెప్పాలో చెప్పే హెర్బార్టు సోపానాలన్నీ వరుసగా రాసుకుని, చార్టు చుట్టి పట్టుకుని వెళ్లాను. ఒక పిల్ల లేచి, "టీచర్ గారూ, ఖాతా తేలేదు" అంది. ఆరో తరగతి పిల్లకు బ్యాంకు ఖాతా ఎందుకో, దాన్ని బడికి ఎలా తెస్తారో అర్థం కాలేదు. బహుశా స్కాలర్‌షిప్పు డబ్బుల సంగతి అనుకుని, "రేపు మీ నాన్నగారిని తీసుకురమ్మంటారేమో, ఆఫీసులో అడుగు" అన్నాను. పిల్ల ముఖం పాలిపోయింది. నోటు పుస్తకం మరచిపోతే నాన్నను తీసుకురావాలా? ఒడియాలో ఖాతా అంటే నోటు పుస్తకం. పుస్తకం బహి, సెలవు ఛుటి. ఇవన్నీ ఆ పిల్లల తెలుగులో కలిసిపోయాయి. అవి తెలుగు మాటలు కావని వాళ్లకు తెలియదు.

ఇంతకంటే పెద్ద చిక్కు చదువుకోవడంలో వచ్చింది. బోర్డు మీద 'పండుగ' అని రాశాను. ఒక కుర్రాడు గట్టిగా, ధైర్యంగా "పఠడుగ" అని చదివాడు. అందరూ నవ్వుతారని చూశాను. ఎవరూ నవ్వలేదు. పక్కవాడు కూడా పఠడుగే అన్నాడు. దిద్దాను. మర్నాడు 'పంట' పఠట అయింది. మళ్లీ దిద్దాను. గుణింతాలు సరిగా రాలేదని, కింది తరగతిలో ఎవరూ శ్రద్ధ పెట్టలేదని నా రికార్డులో ఘనంగా రాసుకున్నాను.

ఆ శనివారం నా గదిలో ఉండే గుణుపురం అమ్మాయిని మా ఇంటికి తీసుకెళ్లాను. నౌపడా నుంచి గుణుపురం వెళ్లే ఆ లైను మా నానమ్మకు 'చిన్న రైలు'. 1900లో పర్లాకిమిడి రాజుగారు తన సొమ్ముతో వేయించిన రెండున్నర అడుగుల పట్టాల బండి. 1931లో గుణుపురం దాకా పొడిగించారు. 2004లో ఆపేసి పట్టాలు వెడల్పు చేశారు. ఇప్పుడు మామూలు రైలే. నానమ్మ మాత్రం ఇప్పటికీ చిన్న రైలనే అంటుంది.

అప్పటికి పది రోజులుగా రాత్రిపూట ఆమెకు అక్షరాలు దిద్దిస్తున్నాను. బదులుగా నాకు ఒడియా. పాతపట్నం దాటాక ప్రతి స్టేషన్ బోర్డూ చదవాలని షరతు పెట్టుకుంది. బండి ఆగింది. కిటికీలోంచి మెడ చాచి, వేలు గాలిలో కదుపుతూ, కూడబలుక్కుని చదివింది: "టె... ఠ... బూ... రు."

నేను నవ్వాను. చాలాసేపు నవ్వాను. ఆమెకు కోపం వచ్చింది. సంచిలోంచి పెన్ను తీసి, వేరుశనగ కాయల పొట్లం కాగితం మీద ఒక గుండ్రటి సున్న చుట్టి నా ముందు పెట్టింది.

"ఇది ఏమిటి?"

"సున్న."

"మాకు ఇది ఠ. అక్షరమే. పక్కన ఏమీ ఉండదు, పైన ఏమీ ఉండదు, ఉత్త చక్రం." తర్వాత ఇంకో అక్షరం రాసి, దాని పక్కన పైకి ఒక చిన్న చుక్కంత సున్న పెట్టింది. "మీ సున్న మాకు ఇంతే ఉంటుంది. ఇక్కడ ఉంటుంది. నువ్వేమో ఇంత పెద్దది చేసి వరుసలో నిలబెట్టావు. ఠ అనక ఏమంటాను?"

టెక్కలి వచ్చేదాకా నేను నోరు విప్పలేదు. ఆ పిల్లలు ఐదేళ్లుగా ఒడియా చదువుతున్నారు. వాళ్లు తప్పు చదవడం లేదు, సరిగ్గానే చదువుతున్నారు, వేరే లిపిలో. నేను రికార్డులో రాసుకున్న ఘనమైన వాక్యాన్ని ఇంటికెళ్లాక కొట్టేశాను.

సోమవారం బోర్డును రెండుగా చీల్చి ఎడమ వైపు ఒడియా సున్న, కుడి వైపు మన సున్న వేశాను. "ఒడియాలో సున్న చంటిపిల్ల. అక్షరం భుజమెక్కి కూర్చుంటుంది. తెలుగులోకి వస్తే పెద్దదవుతుంది, భుజం దిగి పక్కన నిలబడుతుంది" అన్నాను. పఠడుగ కుర్రాడు, "మరి ఠ పెద్దదైతే ఏమవుతుంది?" అని అడిగాడు. దానికి నా దగ్గర కథ లేదు. మన ఠ రాసి, కడుపులో చుక్క చూపించాను. "మింగేసిందా?" అన్నాడు. అవును, మింగేసింది. ఆ వారంలో సున్న కుదిరింది.

సరిగ్గా ఆ పాఠం నాడే కాలేజీ నుంచి పర్యవేక్షకుడు వచ్చి ఉంటే బాగుండేది. వచ్చింది మరో పది రోజులకు. ఆయనకు తెలుగు చదవడం రాదు. తెలుగు పాఠం నలభై నిమిషాలు విని, నల్లబల్ల మీద వరుసలు వంకర పోలేదని మెచ్చుకుని, బోధనోపకరణం చిన్నదిగా ఉందని రెండు మార్కులు తగ్గించారు. నా చార్టు కంటే ఆయన గొడుగు పెద్దది, నిజమే.

ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం నా నెత్తిన వేశారు. ఆ రోజు పుట్టిన గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పింది ఈ ఊళ్లోనే. ఇక్కడే, ఈ కొండల్లోని గిరిజనులు మాట్లాడే సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని సొంత డబ్బుతో బడులు పెట్టారు. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. వాడుక భాష కోసం పోరాడిన మనిషి గురించి నేను మూడు పేజీలు రాసుకున్నాను, నాకే నోరు తిరగని భాషలో. పిల్లలు ఆవులించారు. చివర్లో హాస్టల్లో ఉండే ఒక సవర కుర్రాడు మాత్రం దగ్గరికొచ్చి, "ఆయనకు మా మాట వచ్చా? నిజంగా మాట్లాడేవారా?" అని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ అవునన్నాను.

శని, ఆదివారాలు తిరిగినవాటిలో మహేంద్రగిరి గురించి చెప్పడానికి ఏమీ లేదు. 1501 మీటర్ల కొండ, పాండవుల పేరుమీద పాత గుళ్లు ఉన్నాయి. మాకు కనబడింది మంచు, వాన, జలగలు. సగంలోనే దిగిపోయాం.

జిరంగ మాత్రం మరచిపోలేను. రెండు బస్సులు, ఒక ఆటో మారి వెళ్లాం. చంద్రగిరి చుట్టుపక్కల 1963 నుంచి టిబెట్ శరణార్థుల ఊళ్లున్నాయి. దారి పొడుగునా మొక్కజొన్న చేలు. వాటి మధ్య హఠాత్తుగా బంగారు రంగు పైకప్పులతో బౌద్ధ మహావిహారం, 2010లో దలైలామా ప్రారంభించినది. లోపల గోడల మీద రాతలు చూసి ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మొదటిసారి మా ఇద్దరిలో ఎవరికీ చదవడం రాని బోర్డు.

బయట ఒక ముసలమ్మ మొక్కజొన్న కంకులు కాలుస్తోంది. మెడలో రాళ్ల దండ, ముఖమంతా ముడతలు. నా స్నేహితురాలు ఒడియాలో ధర అడిగింది. నేను పక్కనుంచి, "అక్కరలేదు, మాడిపోయాయి" అన్నాను తెలుగులో, ముసలమ్మకు అర్థం కాదన్న ధీమాతో.

"మాడలేదమ్మా, బాగా కాలాయి. తిని చూసి చెప్పు" అంది ముసలమ్మ తెలుగులోనే.

ఇరవై చలికాలాలు విజయనగరంలో స్వెట్టర్లు అమ్మిందట. బేరమాడే ఆడవాళ్ల దగ్గర నేర్చుకున్న తెలుగు. "మీ వాళ్లు సగానికి అడుగుతారు" అని నవ్వింది. నేను బేరం ఆడలేదు. కంకి నిజంగానే బాగా కాలింది.

నవంబరు చివర్లో విడుదల పత్రం కోసం వెళితే, సంతకం దొరికింది కానీ ముద్ర దొరకలేదు. బీరువా తాళం ఉన్నాయన పెళ్లికి వెళ్లారు. సాయంత్రం దాకా కూర్చున్నాం. రైలు వెళ్లిపోయింది. చివరికి ముద్ర పడ్డాక పెట్టె, రెండు ఖాళీ జాడీలు మోసుకుంటూ బస్టాండుకు వచ్చాం. నన్ను ఎక్కించడానికి ఆమె వచ్చింది. మన ఆంధ్రా బస్సు ఒకటి ఇంజను ఆన్ చేసి ఉంది. బోర్డు చూడబోతుంటే ఆమె నా భుజం పట్టుకుని ఆపింది.

"ఉండు అక్కా, నేను చదువుతాను. శ్రీ... కా... కు... ళ..."

ఆ చివర సున్న దగ్గర ఆగి, పెదవి కొరుక్కుంటూ నా వైపు చూసింది. నేను చెప్పలేదు. బస్సు కదిలింది.