అసలు కాగితాలు, ఉత్త రసీదులు

బ్యాంకుల సొమ్ముతో షేర్ల ధరలు పెంచిన బొంబాయి బ్రోకరు హర్షద్ మెహతా ఉదంతం మీద తీసిన ‘స్కామ్ 1992’ ధారావాహిక సోనీలివ్‌లో 2020 అక్టోబరులోనే వచ్చింది. మేము మాత్రం మొన్న వేసవిలో, విశాఖ కంచరపాలెంలోని పాత ఇల్లు ఖాళీ చేసి నాన్నగారిని మా దగ్గరకు తెచ్చుకున్న తరువాత, రోజుకొక భాగం చొప్పున పది రాత్రులు కూర్చుని చూశాము. పోర్టులో గుమాస్తాగా పనిచేసిన ఆయన 1992 ఫిబ్రవరిలో పీఎఫ్ మీద అప్పు తీసి షేర్లు కొన్నారు. భోజన విరామంలో స్కూటరు మీద ద్వారకానగర్ వెళ్లి, ఒక బ్రోకరు మేడ మీద నిలబడి బొంబాయి ధరలు తెలుసుకుని వచ్చేవారట.

ఈ ధారావాహికలో నాకు అన్నిటికన్నా నచ్చినది, బ్యాంకు రసీదు అనే చిన్న కాగితం గుట్టును దర్శకుడు హన్సల్ మెహతా ఓపికగా విప్పి చెప్పిన తీరు. ఆ రోజుల్లో బ్యాంకులు తమ డిపాజిట్లలో పెద్ద భాగాన్ని ప్రభుత్వ సెక్యూరిటీలలో, అంటే ప్రభుత్వం అప్పుకు రాసిచ్చే బాండ్లలో, పెట్టి తీరాలి. సొమ్ము అవసరమైన బ్యాంకు తన సెక్యూరిటీలను మరో బ్యాంకుకు కొన్నాళ్లపాటు అమ్మి, గడువు తీరగానే తిరిగి కొనుక్కునేది. దీనినే రెడీ ఫార్వర్డ్ అనేవారు. రిజర్వు బ్యాంకు పద్దులు చేత్తో రాసే కాలం కాబట్టి నమోదు ఆలస్యమయ్యేది, అందుచేత అసలు పత్రాలకు బదులు ‘సొమ్ము ముట్టింది’ అని ఒక రసీదు ఇస్తే పని జరిగిపోయేది. మధ్యవర్తి బ్రోకరు. బ్యాంకు పేరున రాసిన చెక్కు అతని ఖాతాలో పడేది. బ్యాంక్ ఆఫ్ కరాడ్ వంటి చిన్న బ్యాంకులు చేతిలో సెక్యూరిటీలు లేకుండానే రసీదులు రాసి ఇచ్చాయి. అలా చేతికొచ్చిన సొమ్ముతో హర్షద్ షేర్లు కొనడంతో, సుమారు 200 రూపాయలున్న సిమెంటు కంపెనీ ఏసీసీ షేరు 9,000 దాకా ఎగబాకింది. 1992 ఏప్రిల్ 23న టైమ్స్ ఆఫ్ ఇండియాలో సుచేతా దలాల్ వార్త రాసేదాకా అడిగిన నాథుడు లేడు.

నాకున్న అభ్యంతరం వేరు. హర్షద్ పాత్రలో ప్రతీక్ గాంధీ ఎంత బాగా నటించాడంటే, దానికి ఆ సంగీతం తోడై, ఇంటర్ చదువుతున్న మావాడు నేరస్థుణ్ణి మరిచిపోయి అతని కారునే గుర్తుపెట్టుకున్నాడు. బొంబాయి వెలుపల షేర్లు కొని మునిగినవాళ్లు తెర మీద దాదాపు కనిపించరు. ప్రధాని పీవీ నరసింహారావుకు కోటి రూపాయలు ఇచ్చానని 1993లో హర్షద్ మెహతా చేసిన ఆరోపణ వచ్చినప్పుడు (పీవీ దానిని ఖండించారు) నాన్నగారు ముఖం చిట్లించి మంచినీళ్లకు లేచారు. 2001 డిసెంబరు 31న ఠాణే జైలులో ఉండగా మెహతా మరణించడంతో ఆ కథ ముగిసింది.

రసీదుల గుట్టు విప్పిన రాత్రే నాన్నగారు “కాసేపు ఆపు బాబూ” అని, ఇనప్పెట్టెలోంచి ఒక కవరు తెచ్చారు. అందులో ఐదు షేరు సర్టిఫికెట్లు ఉన్నాయి. సముద్రపు గాలికి కాగితం మెత్తబడి, గుండుసూది తుప్పు ఐదింటిలోనూ ఒకే చోట గోధుమరంగు మచ్చగా దిగింది. 2019 ఏప్రిల్ నుంచి కాగితం షేర్లను డీమ్యాట్ చేయనిదే, అంటే ఎలక్ట్రానిక్ ఖాతాలోకి మార్చనిదే, అమ్మడం కుదరదని చెప్పబోయాను గాని, ఆ కంపెనీయే ఎప్పుడో మూతపడింది.

“ఇవి మాత్రం అసలైనవేరా” అన్నారు ఆయన, వేలితో ముద్రను తడుముతూ. సూది తీయబోతే రాలేదు; అలాగే కవరులో పెట్టేశారు.