జీప్యాట్ ప్రిపరేషన్: పారాసిటమాల్‌ని స్ట్రక్చర్ నుంచే చదవండి

జీప్యాట్‌కి (ఫార్మసీ పీజీ ప్రవేశ పరీక్షకి) చదువుతున్న ఫ్రెండ్స్‌కి ఒక మాట. మెడిసినల్ కెమిస్ట్రీ, ఫార్మకాలజీ, టాక్సికాలజీ అని మూడు నోట్సులు విడివిడిగా రాసుకుంటే పారాసిటమాల్‌ని మూడుసార్లు బట్టీ పట్టాలి. నేను ఒకే తెల్లకాగితం మీద స్ట్రక్చర్ గీసి, మిగతాదంతా దాన్నుంచే రాబట్టాను. పరీక్ష హాల్లో నన్ను కాపాడింది ఆ అలవాటే.

ముందు అసిటనిలైడ్, ఫినాసిటిన్, పారాసిటమాల్ పక్కపక్కన గీయండి. 1886లో జ్వరానికి వచ్చిన అసిటనిలైడ్ ఒంట్లో కొంత అనిలిన్‌గా మారేది. దాంతో మెథీమోగ్లోబిన్ (ఆక్సిజన్ మోయలేని హీమోగ్లోబిన్) పెరిగి రోగులు నీలిరంగుకి తిరిగేవారు. ఫినాసిటిన్‌ని ఏళ్ల తరబడి వాడినవాళ్లకి కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఈ రెండూ ఒంట్లో పారాసిటమాల్‌గా మారే పనిచేస్తున్నాయని 1940ల చివర్లో బ్రోడీ, ఆక్సెల్‌రాడ్ అనే శాస్త్రవేత్తలు చూపించారు.

ఇక లివర్ సంగతి. ఇక్కడ మాత్రం తొందరపడకండి. మామూలు డోసులో ఎక్కువ భాగం గ్లూకురోనైడ్‌గా, సల్ఫేట్‌గా మారి మూత్రంలో పోతుంది. కొద్ది భాగాన్ని మాత్రం సీవైపీ2ఈ1 అనే లివర్ ఎంజైమ్ ఆక్సీకరిస్తుంది. పెన్సిల్‌తో చేసి చూడండి: ఓహెచ్ నుంచి ఒక హైడ్రోజన్, ఎన్‌హెచ్ నుంచి ఒక హైడ్రోజన్ చెరిపేయండి. రెండు చివరలా డబుల్ బాండ్లు వస్తాయి, రింగ్ ఆరోమాటిసిటీ పోతుంది. అదే ఎన్‌ఏపీక్యూఐ, అంటే ఎన్-అసిటైల్-పారా-బెంజోక్వినోన్ ఇమీన్. ఎలక్ట్రాన్ల కోసం ఆబగా ఉండే ఈ అణువు మీద, ఆక్సిజన్ ఉన్న కార్బన్‌కి పక్క కార్బన్ దగ్గర, కణాల్ని కాపాడే గ్లూటాతయోన్ తన ఎస్‌హెచ్‌తో (సల్ఫర్-హైడ్రోజన్ గ్రూప్‌తో) వచ్చి అతుక్కుంటుంది. గొడవ అక్కడితో తీరిపోతుంది.

ఓవర్‌డోస్‌లో సల్ఫేట్ దారి నిండిపోతుంది, గ్లూటాతయోన్ అడుగంటుతుంది. అప్పుడు ఎన్‌ఏపీక్యూఐ లివర్ ప్రోటీన్లలోని సిస్టీన్‌లని (ఎస్‌హెచ్ ఉన్న అమైనో ఆమ్లాల్ని) పట్టుకుంటుంది, మైటోకాండ్రియా దెబ్బతింటుంది. లివర్‌లో సెంట్రల్ వెయిన్ చుట్టూనే నెక్రోసిస్ (కణాలు చచ్చిపోవడం) ఎందుకంటే సీవైపీ2ఈ1 ఎక్కువగా ఉండేది అక్కడే. విరుగుడుగా ఎన్-అసిటైల్‌సిస్టీన్ ఎందుకిస్తారో ఇక వేరే చదవక్కర్లేదు: గ్లూటాతయోన్ తయారీకి కావాల్సిన సిస్టీన్ అందుతుంది. 8 గంటల్లోపు మొదలుపెడితే ఫలితం చాలా బాగుంటుంది. మొదటి రోజు రోగికి పెద్దగా బాధ తెలియకపోవచ్చు. రేపు మందుల షాపు కౌంటర్‌లో నిలబడే మనం దీన్ని మార్కుల కోసమే చదివితే సరిపోదు. జ్వరం మాత్రలోనూ జలుబు మాత్రలోనూ పారాసిటమాలే ఉందని చాలా ఇళ్లలో తెలియదు, రెండూ కలిపి వేసుకుంటే డోసు పెరిగిపోతుంది.

మందు పనితీరుకీ అదే బొమ్మ చాలు. అసిటైల్ గ్రూప్ ఊడితే పారా-అమైనోఫినాల్. మెదడులో అది అరకిడోనిక్ ఆమ్లంతో కలిసి ఏఎమ్404 అనే పదార్థం అవుతుంది, నొప్పి తగ్గించడంలో దానికీ పాత్ర ఉందంటారు. వాపున్న చోట పెరాక్సైడ్‌లు ఎక్కువ కాబట్టి అక్కడ కాక్స్‌ని (నొప్పి, వాపు కలిగించే పదార్థాల్ని తయారుచేసే ఎంజైమ్‌ని) పారాసిటమాల్ పెద్దగా ఆపలేదు.

ఇది వచ్చాక మరో నొప్పి మందు డైక్లోఫెనాక్ గీయండి. ఎన్‌హెచ్‌కి పారా స్థానంలో హైడ్రాక్సిల్ చేర్చి, ఇందాకటిలాగే రెండు హైడ్రోజన్లు తీసేయండి. మళ్లీ క్వినోన్ ఇమీనే వస్తుంది.